శుక్రవారం నాటి బోణీ

రేపల్లె నుంచి మగపెళ్ళివారి ఫోను వచ్చినప్పుడు నేను తెనాలి మార్కెట్లో బెండకాయల బుట్ట ముందు గొంతుక్కూర్చుని, కొసలు విరిచి చూస్తూ, లేతకాయల్ని ముదురుకాయల ధరకు అడుగుతున్నాను. మా ఇంట్లో కూరలకు నన్ను పంపేది పొద్దున నడక ఒంటికి మంచిదని కాదు, నేను వెళితే గుప్పెడు పచ్చిమిరపకాయలూ నాలుగు కరివేపాకు రెబ్బలూ ఊరికే వస్తాయని. ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టులో పుట్టి, తక్కెడ గిన్నెల చప్పుడు మధ్య పెరిగినవాణ్ణి. బేరమాడకుండా కొన్న వస్తువు ఇంటికొచ్చినా నాది అనిపించదు.

ఫోనులో పెళ్ళికొడుకు తండ్రి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఆ మర్యాద వినగానే నాకు అనుమానం తగిలింది. సరుకు వెనక్కి తెచ్చినవాడు కొన్ననాటి కంటే మెత్తగా మాట్లాడతాడని మా కొట్టు నేర్పిన చదువు.

"ఏమీ అనుకోకండి బాబాయిగారూ, పిల్ల బంగారమండి, మీ కుటుంబం సంగతి చెప్పక్కర్లేదండి. కాకపోతే అమ్మాయిదీ మావాడిదీ ఒకే బ్లడ్ గ్రూపంటండి."

ఆ అమ్మాయి మా పెద్దక్క మనవరాలు, కొడుకు కూతురు. తెనాలిలోనే బ్యాంకులో పనిచేస్తోంది. అబ్బాయీ తనూ చూసుకున్నారు, మాట్లాడుకున్నారు, నచ్చుకున్నారు. తాంబూలాలకు రోజు చూసుకోవడమే తరువాయి అనుకుంటుండగా ఒకనాడు ఈ పిల్ల మెడలో ఆఫీసు కార్డు తీయడం మరిచిపోయి అలాగే వాళ్ళింటికి వెళ్ళింది. కార్డు మీద పేరు కింద ఓ నెగటివ్ అని రాసి ఉంది. పెళ్ళికొడుకు తల్లి అది చదివింది. తన కొడుకుదీ అదే. ఇద్దరిదీ ఒకే గ్రూపైతే పిల్లలు పుట్టరనీ, పుట్టినా ఏదో లోపం ఉంటుందనీ, ఒకే గోత్రం ఎలాంటిదో ఇదీ అలాంటిదేననీ ఆవిడకు ఎవరో చెప్పారట. ఎవరండీ అంటే, నలుగురూ అన్నారు. ఈ నలుగురి కొట్టు ఏ వీధిలో ఉందో నాకు ఇంతవరకూ దొరకలేదు గానీ, దొరికిన రోజున వాళ్ళతో నాకు పని ఉంది.

అది విని నేను చేతిలో బెండకాయను కొస దగ్గర కాక మధ్యకు విరిచేశాను. కూరలమ్మాయి ఊరుకోలేదు. "ఏంటి తాతా, ఫోనులో వాళ్ళ మీద కోపం నా కాయల మీద చూపిస్తావేంటి?" అంది. ఆ రోజు చెప్పిన ధరకే కొనుక్కుని ఇంటికొచ్చాను. మా ఆవిడ సంచీలో కరివేపాకు లేకపోవడం చూసి, ఒంట్లో బాగాలేదా అని నుదురు పట్టి చూసింది.

నా ఈడువాళ్ళకు నా మంట ఎందుకో చెబితే తెలుస్తుంది. ఒకే గ్రూపు అనే మాట కోసం మా కుటుంబమంతా ఒకనాడు బాపట్లలో ఒక ఆసుపత్రి వరండాలో చేతులు జోడించుకుని నిలబడింది. అదే మాట ఈనాడు మా పిల్లకు దోషమైంది.

అప్పట్లో పెద్దక్కను బాపట్ల ఇచ్చాం. బావ అక్కడ బడిపంతులు, ఎవరి ముందూ గొంతు పెంచని మనిషి. సంబంధం కుదిర్చినవాడు మా బాబాయి, నాన్నకు స్వయానా తమ్ముడు. ఆయనకు బాపట్ల బజారులో కిరాణా కొట్టు ఉండేది. బాబాయిని గురించి చెప్పాలంటే ముందు ఆయన రక్తాన్ని గురించి చెప్పాలి. గుంటూరులో ఆయనకేదో కడుపు ఆపరేషన్ అయినప్పుడు రక్తం పరీక్ష చేసి ఓ నెగటివ్ అన్నారు. అది అరుదైన రకమనీ, ఆపదలో ఎవరికైనా ఎక్కించవచ్చనీ, ఆయనకు ఎక్కించాలంటే మాత్రం అదే రకం వెతకాలనీ డాక్టరు చెప్పాడట. ఆ రోజు నుంచి పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, చివరకు మా తాతయ్య దినం నాడు కూడా బాబాయి నోట అదే మాట. "నాది దొరకని సరుకురా. నాది ఎవరికైనా పనికొస్తుంది, ఎవరిదీ నాకు పనికిరాదు" అనేవాడు, అదేదో చెమటోడ్చి సంపాదించిన ఆస్తి అయినట్టు. వెనకాల మేం నవ్వుకునేవాళ్ళం. ఎవరికైనా ఇవ్వదగ్గ రక్తాన్ని దేవుడు భలే మనిషి ఒంట్లో దాచాడని.

ఎందుకంటే బాబాయి ఇచ్చే మనిషి కాదు. మంగళవారం, శుక్రవారం ఇంట్లోంచి ఏదీ బయటికి ఇవ్వకూడదు, లక్ష్మి వెళ్ళిపోతుందని మా ఇళ్ళల్లో అందరికీ పట్టింపే. మా నాన్నకూ ఉండేది, కానీ నాన్న పట్టింపు డబ్బు దగ్గర ఆగేది. బాబాయి దగ్గర పాలల్లోకి తోడుకని పక్కింటివాళ్ళు గిన్నె తెచ్చినా వెనక్కే. కొట్టు మాత్రం శుక్రవారమూ తెరిచేవాడు. అమ్మితే లక్ష్మి వస్తుంది, ఇస్తే పోతుంది, ఆ తేడా ఆయనకు వేదం.

ఆ శుక్రవారం తెల్లవారుతూనే తెనాలిలో మా కొట్టు పక్క మందులషాపుకు బాపట్ల నుంచి ట్రంకాల్ వచ్చింది. అక్కకు రెండో కాన్పు అయింది, మగపిల్లాడు, కానీ రక్తం పోవడం ఆగడం లేదు, ఎవరైనా వెంటనే రండి అని. అమ్మ ముందే అక్కడ ఉంది. నాన్న సరుకు కోసం బెజవాడ వెళ్ళాడు. కొట్టు తాళం వేసి, దొరికిన రైలెక్కి, నిడుబ్రోలు దాటేదాకా కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడి వెళ్ళాను, అలా నిలబడితే రైలు తొందరగా వెళుతుందన్నట్టు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వరండాలోనే ఎదురైంది. అక్కది ఓ నెగటివ్. గుంటూరుకు మనిషిని పంపారట, సీసాలు వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది, అంతదాకా ఆగేలా లేదు, ఇప్పుడు ఒక్క సీసా అయినా ఎక్కాలి అంది. నన్ను పరీక్ష చేస్తే బి పాజిటివ్. అమ్మదీ కలవలేదు, బావదీ కలవలేదు. నేనేం చేశాననుకున్నారు? బేరమాడాను. నవ్వకండి, నాకు వచ్చిన విద్య అదొక్కటే. మా కొట్టులో గిన్నెకు సరిపోయే మూత లేకపోతే పై సైజు మూత తెచ్చి, అంచు మీద సుత్తితో రెండు దెబ్బలు వేసి సరిపెట్టేవాళ్ళం.

"అమ్మా, ఒక్క తల్లి పిల్లలమే కదా, కొద్దిగా తేడా అయితే సర్దుకోదా? సగం సీసా ఎక్కించి చూడండి" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. "పాలల్లో నిమ్మరసం పిండితే ఏమవుతుందయ్యా? మీ అక్క ఒంట్లో నీ రక్తం అంతే. బతికించబోయి మనమే చంపినవాళ్ళమవుతాం. ఒకే తల్లి పిల్లలైతే నాకేం లాభం, ఒకే గ్రూపు మనిషిని తీసుకురా" అంది.

ఒకే గ్రూపు మనిషి ఊళ్ళోనే ఉన్నాడు, నడిచి వెళ్ళే దూరంలో. బావ అప్పటికే వెళ్ళి వచ్చాడు. ఏమన్నాడు అని అడిగితే గోడ వైపు చూస్తూ చెప్పాడు. "రేపు పొద్దున్నే వస్తాడట. ఇవాళ శుక్రవారమట."

అమ్మ నోట్లో కుక్కుకున్న చెంగు తీసి నా వైపు చూసింది. "నువ్వెళ్ళరా. ఆయన భాష నీకొచ్చు" అంది.

నేను వెళ్ళేసరికి బాబాయి కొట్టు ముందు నీళ్ళు చల్లించి, పటాలకు దండలు వేసి, అగరుబత్తి తిప్పుతున్నాడు. నన్ను చూసి ముఖం తిప్పుకోలేదు, అదీ నా మంట. చక్కగా పలకరించాడు. రైలు దొరికిందా, కాఫీ తాగావా, నాన్న బెజవాడ నుంచి ఎప్పుడొస్తాడు, అన్నీ అడిగాడు.

"నేనివ్వనన్నానేంట్రా? రేపు తెల్లారగానే వచ్చి పడుకుంటా, ఒకటి కాకపోతే రెండు సీసాలు తీసుకోమను. శుక్రవారం పూట ఒంట్లో నెత్తురు బయటికిస్తే ఇక ఇంట్లో ఏం నిలుస్తుందిరా? నీకు తెలియందేముంది."

నాకు తెలుసు. అదే నా దౌర్భాగ్యం, ఆయన చెప్పేది నాకు పూర్తిగా అర్థమవుతోంది. అరిచాను, ఏడ్చాను, అక్కను చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని తిప్పిన సంగతి గుర్తు చేశాను. కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు. కానీ అడుగు కదపలేదు. సూదంటే భయమని చెప్పి ఉంటే ఆనాడే క్షమించి ఉండేవాణ్ణి. భయం కాదు, నమ్మకం. నమ్మకంతో నిలబడిన మనిషిని కదపడం కంటే బియ్యం బస్తాను కదపడం తేలిక.

లోపల గుమ్మం పక్కన పిన్ని నిలబడి అంతా వింటోంది. ఆవిడ జీవితకాలపు కసి ఆ రోజు ఒక్క మాటలో బయటికొచ్చింది.

"ఈయన్ని అడుగుతావేంట్రా అబ్బాయి? మంగళవారం ఇవ్వరు, శుక్రవారం ఇవ్వరు, అమావాస్యకి ఇవ్వరు, మిగతా రోజుల్లో ఎవరొచ్చినా ఇంకా బోణీ కాలేదంటారు. ఈయన ఇచ్చే వారం ఆ దేవుడింకా పుట్టించలేదు!"

ఇంకా బోణీ కాలేదు. ఆ మాట నా చెవిలో పడింది. అగరుబత్తి ఇంకా బాబాయి చేతిలోనే ఉంది. కొట్టు అప్పుడే తెరిచాడు. ఎవరూ రాలేదు.

మన కాలపు కొట్లవాళ్ళకు బోణీ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పొద్దున్నే మొదట వచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపకూడదు. లాభం వదులుకునైనా ఏదో ఒకటి అమ్మి పంపాలి. బోణీ బేరం వెనక్కి పోతే ఆ రోజంతా పోయినట్టే. శుక్రవారం బోణీ అయితే ఇక చెప్పేదేముంది. జేబులోంచి ఒక రూపాయి బిళ్ళ తీసి గల్లాపెట్టె మూత మీద టక్కుమని పెట్టాను.

"నువ్వు ఇవ్వద్దు బాబాయ్. అమ్ము. ఒక సీసా. బోణీ నాది."

పిన్ని నోటి మీద చెయ్యి వేసుకుంది. బాబాయి ఆ బిళ్ళ వైపు చూశాడు, పటం వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఒక పట్టింపు మీద ఇంకో పట్టింపును వదిలాను కదా, రెండూ ఆయన లోపల కుస్తీ పడుతున్నాయి. ఇస్తే లక్ష్మి పోతుంది, నిజమే. కానీ ఇది ఇవ్వడం కాదు. కాదని బోణీవాణ్ణి తిప్పి పంపితే? ఆయన నుదుటి మీద చెమట పట్టింది. మెల్లగా చెయ్యి చాచి, రూపాయిని కళ్ళకద్దుకుని, గల్లాపెట్టెలో వేసి, చెప్పులు వేసుకున్నాడు.

"ఒక్క సీసానే. రెండోది అడక్కు" అన్నాడు.

తెల్లారితే రెండు సీసాలు ఊరికే ఇస్తానన్న మనిషి!

ఆసుపత్రిలో గాజుపలక మీద ఆయన రక్తపు చుక్కనూ అక్క రక్తాన్నీ కలిపి చూశారు. గడ్డలు కట్టలేదు, కలిసింది అన్నారు. బావ అక్కడే నేల మీద కూలబడ్డాడు. బాబాయి మంచం మీద పడుకుని, తల తిప్పి సీసా వైపే చూస్తూ, "గీత దాటుతోంది చూడమ్మా, గీత దాటుతోంది" అని నర్సును హెచ్చరించాడు, నూనె కొలిచేటప్పుడు గీత తగ్గిందని కొనేవాళ్ళు ఆయన్ను హెచ్చరించినట్టే. మధ్యాహ్నానికి గుంటూరు సీసాలు వచ్చాయి. అప్పటిదాకా అక్క ప్రాణాన్ని పట్టి ఉంచింది ఆ ఒక్క సీసాయే. సాయంత్రానికి అక్క కళ్ళు తెరిచి పిల్లాణ్ణి అడిగింది. ఆ పిల్లాడే నా మేనల్లుడు, ఈనాడు రేపల్లెవారు కాదన్న పిల్లకు తండ్రి.

తరువాత బాబాయి బతికినన్నాళ్ళూ శుభకార్యాల్లో అక్కను నలుగురికీ చూపించి ఇది నా సరుకే అనేవాడు. అక్క తక్కువదా? "ఆ సరుకు ఎక్కినప్పటి నుంచీ ఎవరికైనా చిటికెడు ఉప్పు ఇవ్వాలన్నా చెయ్యి రావట్లేదు బాబాయ్" అని అంటించేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. నా తెలివిని మెచ్చుకుంటూ ఆ కథను వందసార్లు చెప్పించుకున్నారు, వందసార్లూ గొప్పగా చెప్పాను. ఇంటికొచ్చాక మాత్రం ఒక ఆలోచన వచ్చి పక్కలో ముల్లులా గుచ్చేది. నేను వెళ్ళే ముందు ఎవరో ఒకరు వచ్చి ఒక అగ్గిపెట్టె కొనుక్కుని పోయి ఉంటే? బోణీ అయిపోయి ఉంటే? అగ్గిపెట్టె అమ్ముడైన పాపానికి మా అక్క పోయి ఉండేది. సొంత అన్న కూతురు, ఊళ్ళోనే, తన రక్తం సరిగ్గా సరిపోయే మనిషి. బాబాయి పోయి చాలాకాలమైంది, పోయినవాళ్ళను అనకూడదంటారు. అంటాను. ఆ కోపం నాతోనే పోతుంది.

ఇంత అనుభవం ఉన్నవాణ్ణి కదా, రేపల్లె బేరం నాకొక లెక్కా అనుకున్నాను. ప్యాసింజరు ఎక్కి వెళ్ళాను. వెళ్ళేముందు తెనాలిలో మాకు తెలిసిన డాక్టర్ని అడిగి సరుకంతా సర్దుకున్నాను. ఒకే గ్రూపు వాళ్ళు పెళ్ళి చేసుకుంటే పిల్లలకు ఏ దోషమూ లేదన్నాడు ఆయన. పైగా నెగటివ్ అమ్మాయికి పాజిటివ్ భర్త దొరికితేనే కాస్త జాగ్రత్త పడాలి, కాన్పుల వేళ ఇంజక్షన్ చూసుకోవాలి, భర్తదీ నెగటివే అయితే ఆ బెడద కూడా లేదన్నాడు. అంటే ఏమిటి? వాళ్ళు దోషమంటున్నది కొసరు! పైగా దొరకని రక్తం, ఒకరికి అవసరం పడితే రెండోవారు ఇంట్లోనే ఉంటారు. ఇంతకన్నా మంచి సరుకు నా జన్మలో నేను అమ్మలేదు.

పెళ్ళికొడుకు తండ్రి కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, అంతా విన్నాడు. "మీరన్నది నిజమేనండి బాబాయిగారూ" అన్నాడు. పోనీ మీ డాక్టర్నే అడగండి అన్నాను. అడిగారట. ఆయనా ఇదే చెప్పాడట.

"డాక్టర్లు అలాగే చెబుతారండి. రేపేదన్నా అయితే నలుగురూ మమ్మల్నే అంటారు కదండీ. ఎందుకండీ రిస్కు?" అంది తల్లి.

అబ్బాయి కిటికీ దగ్గర కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. తన ఒంట్లో పారే రక్తాన్ని గురించి మాట్లాడుకుంటుంటే ఒక్కసారి తలెత్తలేదు. చదువుకున్నవాడు, ఏటా రక్తదానం కూడా చేస్తాడట, ఆ ఫోటోలు గోడ మీద ఉన్నాయి. నేను ఆ ఇంట్లో ప్రతి మూలా వెతికాను, రూపాయి బిళ్ళ పెట్టే చోటు ఎక్కడైనా ఉందేమోనని. లేదు. బాబాయి ఒక మాటను నమ్మాడు, నమ్మాడు గనుక ఇంకో నమ్మకంతో ఆయన్ను కట్టేయగలిగాను. వీళ్ళు దేన్నీ నమ్మరు. డాక్టర్ని నమ్మరు, ఆ నలుగుర్ని కూడా నిజంగా నమ్మరు. ఊరికే భయపడతారు, ఆ భయానికి డాక్టరీ మాట తొడుగుతారు. అలాంటివాళ్ళతో బేరం ఎవడి తరం?

తెనాలిలో దిగి అక్క దగ్గరికి వెళ్ళాను. బావ పోయాక అక్క కొడుకు దగ్గరే తెనాలిలో ఉంటోంది. మనవరాలు అప్పుడే ఆఫీసు నుంచి వచ్చినట్టుంది, మెడలో కార్డు ఇంకా వేలాడుతోంది. నా ముఖం చూసి సంగతి గ్రహించింది. ఒక్కటే అడిగింది.

"అతను ఏమన్నాడు తాతయ్యా?"

నోటితో బతికినవాణ్ణి, చెప్పులు విప్పుకునే నెపంతో తల వంచుకున్నాను. ఆ పిల్ల సరేలే అని, మెడలోంచి కార్డు తీసి మేకుకు తగిలించి లోపలికి వెళ్ళింది. తలుపు నెమ్మదిగానే వేసుకుంది. గట్టిగా వేసుకున్నా బాగుండేది.

అక్క ఆ కార్డు వైపు చూసింది. "ఒకే గ్రూపని వద్దన్నారట్రా? ఆ రోజున మన బాబాయిదీ నాదీ ఒకే గ్రూపు కాకపోతే, ఈ మాట వినడానికి నేనే ఉండేదాన్ని కాదు" అంది. అని, నవ్వబోయి, నవ్వలేకపోయింది.

మొన్న ఏదో పని మీద బాపట్ల వెళ్ళి, మనసాగక బాబాయి కొట్టు వైపు నడిచాను. ఇప్పుడు ఆయన కొడుకు చూసుకుంటున్నాడు. అద్దాల తలుపు పెట్టించాడు, గల్లాపెట్టె ఉన్న చోట స్కానర్ అట్ట నిలబెట్టాడు. ఏరా, ఇవాళ బోణీ ఎవరిది అని అడిగాను. వాడు నవ్వి ఫోను చూపించాడు. తాను పళ్ళు తోముకునే వేళకే ఆర్డర్లు వచ్చి పడతాయట, ఏది ముందో ఏది వెనకో తనకే తెలియదట. పక్కింటావిడ ఎవరో పాలల్లోకి తోడు అడగడానికి గిన్నెతో వచ్చింది. ఇవాళ శుక్రవారం కదండీ అని వాడు ఎంతో మర్యాదగా వెనక్కి పంపాడు.

కొట్టు బయట నిలబడి చాలాసేపు జేబులో రూపాయి బిళ్ళను తడుముకున్నాను. మా అక్కను చంపబోయిన పట్టింపు ఉంది. దానికి చుట్టాలు పుట్టుకొచ్చాయి, ఇంగ్లీషు పేర్లు పెట్టుకున్నాయి, మెడలో కార్డులు చదువుతున్నాయి. బతికించిన పట్టింపే ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియకుండా పోయింది. ఇవాళ ఎవరికైనా ఆ కష్టం వచ్చి, నాలాంటివాడు ఒకడు రైలు దిగి పరిగెత్తుకుంటూ వస్తే, వాడు ఏం పెట్టాలి, ఎక్కడ పెట్టాలి? బాపట్లలో ఆ కొట్టు ఉంది, వారం వారం శుక్రవారమూ వస్తూనే ఉంది. బోణీయే లేదు.